చివరి టపా రాసి మరీ ఆపండి

పాత తెలుగు బ్లాగులు చదివే అలవాటు మీలో ఎంతమందికి ఉందో గానీ, నాకు మాత్రం మిడ్స్ ముందురోజు రాత్రి ఆ బుద్ధి తప్పకుండా పుడుతుంది. అలా చదివీ చదివీ ఒక తమాషా గమనించాను. చాలా బ్లాగుల్లో అన్నిటికన్నా పైన కనిపించే టపా, అంటే ఆఖరున రాసింది, ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చాలా రోజులైంది ఇటువైపు వచ్చి, పని ఒత్తిడి, ఇకనుంచి వారానికొకటైనా రాస్తాను అని. తేదీ చూస్తే 2011. కింద నలుగురు "ఎదురుచూస్తుంటాం" అని వ్యాఖ్యలు పెట్టి ఉంటారు. ఆ తర్వాత ఇంకేం లేదు. ఆ నలుగురూ ఎన్నాళ్లు చూశారో పాపం.

రాయడం మానేశారని నా బాధ కాదు. ఒక్క మాట చెప్పి మానేస్తే బాగుండేది కదా అని. వ్యక్తిగత బ్లాగుకి ఒక ఆయుష్షు ఉంటుంది. అది తీరిందని మనకు అర్థమైన రోజున చివరి టపా ఒకటి రాసి, పాతవన్నీ భద్రం చేసి, దర్జాగా ఆపేయాలని నేనంటాను. మన క్లబ్బులోనే దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మనం బడిలో అఆలు దిద్దుకుంటున్న కాలంలో తెలుగు బ్లాగులు ఒక వెలుగు వెలిగాయి. ఇంగ్లీషు కీబోర్డు మీద టైపు చేస్తే తెలుగు లిపి వచ్చేలా లేఖిని ఉండేది. ఎవరెవరు కొత్తగా ఏం రాశారో అంతా ఒకచోట చూపించడానికి కూడలి ఉండేది. రాసేవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు బోలెడంతమంది, అంటే ఒకరకంగా మన సీనియర్లే. టపా, వ్యాఖ్య, సంకలిని లాంటి మాటలు అక్కడే వాడి వాడి నలిగాయి. తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. బ్లాగులు చదవడానికి చాలామంది వాడే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. పిల్లలు, ఈఎంఐలు, ప్రమోషన్లు సరేసరి. జనం వెళ్లిపోయారు. వెళ్లిపోవడంలో తప్పేముంది? ఎవరి బతుకు వాళ్లది.

ఇక నా బ్లాగు సంగతి. ఎంసెట్ రాసేసి ర్యాంకు కోసం ఎదురుచూస్తూ గోళ్లు కొరుక్కునే వేసవిలో మొదలుపెట్టాను. ఇప్పటికి 83 టపాలు. మొదట్లో సినిమాలు, క్రికెట్టు, కవిత అనుకుని రాసినవి కొన్ని. పదో పన్నెండో అయ్యాక దారి దొరికింది: మా నాయనమ్మ మాటలు. మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ప్రాంతం. ఆవిడ నోట్లోంచి వచ్చే మాట ఒకటి పట్టుకోవడం, దాని వెనకున్న వస్తువునో పనినో అడిగి తెలుసుకుని రాయడం. ఉట్టి, గాదె, గడ్డివామి, సద్దన్నం, ఇలా.

అన్నిట్లోకీ ఎక్కువమంది చదివింది పాతర మీద రాసిన టపా. "పాతరేశారు" అని మనం వార్తల్లో రోజూ చదువుతాం, ఆ పాతరని చూసినవాళ్లు మన క్లాసులో ఒక్కరైనా ఉంటారా అని నా అనుమానం. జొన్నలు దాచుకోవడానికి నేలలో తవ్వే లోతైన గొయ్యి అది. లోపల చుట్టూ గడ్డి పేర్చి, గింజలు పోసి, పైన మట్టి కప్పేసేవాళ్లట. తీసేటప్పుడు వెంటనే మనిషిని దింపరు. మూత తెరిచి గాలి ఆడనిచ్చి, ముందు దీపం దింపి చూస్తారు. ఆరిపోతే ఇంకా దిగకూడదన్నమాట. గింజలు కూడా ఊపిరి తీసుకుంటాయనీ, ఆ మూసిన గోతిలో కార్బన్ డయాక్సైడ్ నిండుతుందనీ నాకు తర్వాత తెలిసింది. నాయనమ్మకి ఆ వాయువు పేరు తెలీదు, దీపం సంగతి తెలుసు. ఆ టపా చదివి న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఉత్తరమంత పొడుగు వ్యాఖ్య రాశారు. వాళ్ల అమ్మగారు కూడా ఇదే చెప్పేవారట, కట్టుకథ అనుకున్నారట. రెండేళ్లు దాటినా ఇప్పటికీ నెలకి ఒకరో ఇద్దరో దాని మీద ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు.

పోయిన ఏడాది నాయనమ్మ పోయింది. పదకొండో రోజు చుట్టాలంతా పందిట్లో కూర్చుని ఆవిడ కబుర్లు చెప్పుకుంటున్నారు. మా పెద్దత్త ఏడుస్తూనే ఒక మాట అంది, నేను ఎప్పుడూ వినని మాట. నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది, రాసుకోవడానికి. ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసి అత్త పక్కన కూర్చున్నాను. ఆ మాట బ్లాగులోకి ఎక్కలేదు, ఎక్కదు కూడా. బ్లాగుకి రోజులు దగ్గరపడ్డాయని నాకు ఆ పూటే అనిపించింది. ఎదుటి మనిషి ఏడుపు కూడా ముడిసరుకులా కనపడటం మొదలైతే ఆ పని కాస్త పక్కన పెట్టాలి. ఆ తర్వాత రాసిన మూడు నాలుగు టపాలు ఆదివారం వచ్చింది కాబట్టి రాసినవే. చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒప్పుకోనివాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లు చెప్పేది "కన్సిస్టెన్సీ బ్రో" అని. ఆపితే చెయ్యి పడిపోతుంది, మళ్లీ రాదు, అందుకని బాగున్నా బాగోకపోయినా రాస్తూ పోవాలి అని. ఇందులో సగం నిజం ఉంది. రోజూ రాయాలి, సరే. రోజూ రాసిందంతా అచ్చేయాలని ఎవరన్నారు? నోటుబుక్కు ఉంది కదా. ఇంకొకాయన ఏకంగా ఈమాటని చూపించాడు. 1998 నుంచి నడుస్తోంది, వాళ్లు ఆపారా అని. అది పత్రిక నాయనా. పత్రికకి సంపాదకులు మారతారు, రాసేవాళ్లు మారతారు. మన ఈ-మ్యాగజైన్ కూడా అంతే, ఏటా ఫైనలియర్ వాళ్లు థర్డియర్ వాళ్ల చేతిలో పెట్టి వెళ్తారు. నా బ్లాగు నేను ఎవరి చేతిలో పెట్టాలి? అది పదిహేడేళ్లవాడు కట్టుకున్న గుడిసె. ఇరవై ఒకటికి తల తగులుతోంది. ఆ మాటకొస్తే 1924లో మొదలైన భారతి అంతటి పత్రిక కూడా 1991లో ఆగిపోయింది. అయినా దాని పాత సంచికలు స్కాన్ చేసి పెట్టినవాళ్ల పుణ్యమా అని మనం ఇవాళ హాస్టల్ గదిలో కూర్చుని చదువుకోగలుగుతున్నాం.

నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే. పాతర టపా కోసం ఫొటోలు వెతుకుతుంటే 2009 నాటి ఒక బ్లాగు దొరికింది. ఎవరో తమ ఊళ్లో పాతర తవ్వి తీస్తుండగా ఒక్కో దశనీ ఫొటో తీసి, కింద వివరంగా రాశారు. రాత ఉంది, ఫొటోలు లేవు. తొమ్మిది ఖాళీ డబ్బాలు. వేరే ఏదో సైట్లో పెట్టినట్టున్నారు, అది పోయింది, వాటితో ఇవీ పోయాయి. మెయిల్ పెడితే తిరిగొచ్చింది. ఆ తొమ్మిది ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయని నాకు నమ్మకం లేదు. జియోసిటీస్ లాంటి మహా సైటునే యాహూ 2009లో మూసేసింది, మన ఫొటోలు ఒక లెక్కా? రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేయవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. "నెట్‌లో పెడితే శాశ్వతం" అనే భ్రమ ఇంజనీరింగ్ చదివేవాళ్లకైనా ఉండకూడదు.

కాబట్టి ఆపేటప్పుడు ఒక పూట కేటాయించండి. బ్లాగర్‌లోనైనా వర్డ్‌ప్రెస్‌లోనైనా మొత్తం టపాల్ని ఒకే ఫైలుగా దింపుకునే సదుపాయం ఉంది. ఫొటోలు మాత్రం విడిగా దాచుకోండి, ఆ ఫైల్లో చాలాసార్లు వాటి లింకులే ఉంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ముఖ్యమైన పేజీలు సేవ్ చేయించండి, పైసా ఖర్చు లేదు. సొంత డొమైన్ కొనుక్కున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. రెన్యూ చేయకపోతే ఆ పేరు ఇంకెవరో కొనుక్కోవచ్చు, మీ కవితలున్న చోట రేపు రమ్మీ ప్రకటనలు ఆడొచ్చు. వ్యాఖ్యలు కూడా మూసేయండి, లేదంటే కొన్నాళ్లకి అక్కడ అప్పులిచ్చేవాళ్లూ జాతకాలు చెప్పేవాళ్లూ కాపురం పెడతారు.

డిలీట్ మాత్రం చేయకండి. మొదటి టపాలు చూస్తే సిగ్గేస్తుంది, నాకూ వేస్తుంది. నా మూడో టపాలో "వెన్నెల" అన్న మాట పదకొండు సార్లు ఉంది. ఉండనివ్వండి. ఆ పిల్లాడు అప్పుడు అలాగే రాయగలిగాడు. ఇంటర్వ్యూలో హెచ్చార్ వాళ్లు చూస్తారేమో అని ఒక ఫ్రెండ్ బ్లాగు మొత్తం తుడిచేశాడు. తెలుగులో ఉన్న బ్లాగుని వెతికి చదివే హెచ్చార్ ఎవరైనా ఉంటే, ఆ కంపెనీలో నేను జీతం తక్కువైనా చేరతాను.

నా 84వ టపా చిత్తుప్రతిలో ఉంది. నాలుగే పేరాలు. ఇక్కడ ఏమేం ఉన్నాయి, ఎందుకు ఆపుతున్నాను, పాతర గురించి అడగాలంటే ఏ మెయిల్‌కి రాయాలి, అంతే. "మళ్లీ కలుద్దాం" అని రాసి కొట్టేశాను. సెమ్ ఎగ్జామ్స్ అయిన మర్నాడు పెట్టేస్తాను. నాయనమ్మ మాటల ఫైలుని ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను, ఒక కాపీ పెద్దత్తకి పంపాలి. ఆవిడకి చత్వారం, అక్షరాలు పద్నాలుగు సైజులో వేయించాను.