చిత్రం స్పష్టం, చిరునామా తప్పు

ఫ్రాన్స్‌లోని సాక్లే పరిశోధన కేంద్రంలో 11.7 టెస్లాల అయస్కాంతం మనిషి మెదడును నాలుగే నిమిషాల్లో 0.2 మిల్లీమీటర్ల స్పష్టతతో చిత్రించింది. 2024లో ఆ చిత్రాలను చూసి ప్రపంచం అబ్బురపడింది. అవి మెదడు నిర్మాణాన్ని చూపినవి. పనిచేస్తున్న మెదడును చూపే ఎఫ్ఎంఆర్ఐ సంగతి వేరు. అక్కడ చిత్రంలో మెరిసే చుక్క ఎంత చిన్నదైనా, అది ఉండాల్సిన చోటే ఉందన్న హామీ లేదు. ఈ తేడాను మరుగుపరచి రంగుల పటాలను రుజువులుగా చూపడం శాస్త్రానికి ద్రోహం.

ఎఫ్ఎంఆర్ఐకి ఆధారం 1990లో సెయిజీ ఒగావా బృందం వెలుగులోకి తెచ్చిన బోల్డ్ సంకేతం. అది నాడీకణాలను నేరుగా చూడదు. వాటికోసం పరుగెత్తే రక్తంలోని ఆక్సిజన్ మార్పును చూస్తుంది. ఆ రక్తం కేశనాళికలు దాటి మెదడు ఉపరితలం మీది సిరల్లోకి చేరుతూ సంకేతాన్నీ వెంట తీసుకుపోతుంది. ఏ మడికి నీరు పెట్టారో మురుగు కాలువను చూసి తేల్చగలమా? సగటున రెండున్నర మిల్లీమీటర్ల మందమున్న మస్తిష్క వల్కలంలో ఆరు పొరలుంటాయి. అక్కడ ఒక్క మిల్లీమీటరు జరిగితే పొరే మారిపోతుంది.

వేళ్లు కదిపించి చేసిన ఒక ప్రయోగం ఈ లోపాన్ని కళ్లకు కట్టింది. చేతి కదలికను నడిపే వల్కలాన్ని 7 టెస్లాల యంత్రంలో మామూలు బోల్డ్‌తో చూస్తే సంకేతం ఉపరితలం వైపు పెరుగుతూ పోయింది. రక్త పరిమాణంలోని మార్పును కొలిచే వాసో పద్ధతితో చూస్తే పైపొరల్లో ఒకటి, లోపలి పొరల్లో మరొకటి, రెండు చారలు విడివిడిగా కనిపించాయి. లారెంటియస్ హూబర్ బృందం 2017లో దీన్ని ప్రచురించింది. వాసో సంకేతం బలహీనమే, సమయమూ ఎక్కువే పడుతుంది. నిజం కావాలంటే ఆ ఖరీదు చెల్లించక తప్పదు.

దోషం సిరలతో ఆగదు. గాలి నిండిన సైనస్‌ల పైన, చెవుల దగ్గర అయస్కాంత క్షేత్రం చెదిరి చిత్రం కొన్ని మిల్లీమీటర్ల మేర సాగుతుంది, కుంచించుకుపోతుంది. వ్యతిరేక దిశలో మరో చిత్రం తీసి పోల్చితే ఈ వక్రీకరణను చాలావరకు సరిదిద్దవచ్చు. ఆ కొద్ది నిమిషాలు మిగుల్చుకోవడానికి ఈ పని ఎగ్గొట్టడం క్షమార్హం కాదు. సూక్ష్మంగా తీసిన చిత్రాన్ని ఆపై ఎనిమిది మిల్లీమీటర్ల మేర అలికి నునుపు చేయడం ఇంకా ఘోరం. మెదడు మడతకు ఇరుపక్కలా ఉన్న వేర్వేరు ప్రాంతాలు ఆ అలుకుడులో ఒకటైపోతాయి.

కణితి తీసే ముందు మాట, కదలికల కేంద్రాలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి వైద్యులు ఈ పటాలనే చూస్తారు. అక్కడ గీత పక్కకు జరిగితే రోగి మాట పోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు.

అందుకే మా తీర్పు సూటిగా చెబుతున్నాం. సిరల ప్రభావాన్ని లెక్కగట్టకుండా, వక్రీకరణను సరిదిద్దకుండా, చిత్రం తీసేటప్పటి తల కదలికల వివరాలూ నునుపు చేయని మూల దత్తాంశమూ బయటపెట్టకుండా పొరల గురించి చేసే ఏ వాదననూ శాస్త్ర పత్రికలు అచ్చువేయకూడదు. నిధులిచ్చే సంస్థలు కొత్త అయస్కాంతానికి ఇచ్చినంత ప్రాధాన్యం కొలత సరిచూసే పనికీ ఇవ్వాలి. ఎక్కడ జరిగిందో చెప్పలేని చిత్రం ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కాదు.