ఓలీఓలీ ఆట – ఒత్తుల పాఠం

తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడు జరిగినా, ఈ బడిలో వారం వారం పాఠాలు చెప్పే మాకు తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంది. "మావాడికి తెలుగు పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదండీ, ఆ వీడియో గేమ్ ముందు మాత్రం గంటలు గంటలు కూర్చుంటాడు!" ఇందులో సగమే నిజమని మా అభిప్రాయం. ఓపిక లేని పిల్లవాడు ఒక కష్టమైన ఆటను గంటల తరబడి ఆడలేడు. అంటే ఓపిక ఉంది. అది తెలుగు వైపు ఎందుకు రావడం లేదన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ఉదాహరణకు 'ఓలీఓలీ' అనే స్కేట్‌బోర్డు ఆటను తీసుకుందాం. లండన్‌కు చెందిన రోల్‌సెవెన్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఈ ఆట 2014 జనవరిలో ప్లేస్టేషన్ వీటా మీద విడుదలైంది. 2015లో బ్రిటిష్ అకాడమీ వారి బాఫ్టా బహుమతి, క్రీడల ఆటల విభాగంలో, దీనికే వచ్చింది. ఆ ఏడాదే రెండో భాగం, 2022 ఫిబ్రవరిలో 'ఓలీఓలీ వరల్డ్' వచ్చాయి. చేతులతో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడాన్ని స్కేట్‌బోర్డు భాషలో 'ఓలీ' అంటారు. 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఆ విద్య కనిపెట్టిన ఆలన్ గెల్‌ఫండ్ ముద్దుపేరు అది.

చూడడానికి ఆట చాలా తేలిక. చిన్న బొమ్మ ఒకటి బోర్డు మీద ఎడమ నుంచి కుడికి దూసుకుపోతుంటుంది. మెట్లు వస్తే ఎగరాలి, కమ్మీ వస్తే దాని మీద జారాలి. అసలు కష్టమంతా నేలమీదికి దిగడంలోనే ఉంది. చక్రాలు నేలను తాకే క్షణంలోనే మీట నొక్కాలి. కాస్త ముందో వెనకో నొక్కితే బోర్డు తడబడుతుంది, వేగం తగ్గుతుంది, గాల్లో ఎంత గొప్ప విన్యాసం చేసినా దక్కే మార్కులు అంతంతమాత్రం. ఏ మెట్టుకో తగిలి పడితే మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాలి. మొదటి ఆటలో మధ్యలో ఆగి అక్కడి నుంచే కొనసాగించే వసతి లేదు. ఒక్కో దశ నిమిషానికి అటూ ఇటూగా ఉంటుంది గానీ, దాన్ని దాటడానికి వంద ప్రయత్నాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

మరి పిల్లలు విసుగెత్తి ఎందుకు వదిలేయరు? మాకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, పడిన మరుక్షణమే ఒక్క మీటతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. బాధపడేందుకు కూడా వ్యవధి ఉండదు. రెండోది, ఎందుకు పడ్డామో పడ్డవాడికే స్పష్టంగా తెలుస్తుంది. ఒకరు చెప్పనక్కరలేదు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పడితే ఎవరూ నవ్వరు.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. ఏడేళ్ళ పాప "నా కల్లు మండుతున్నాయి" అంటుంది. 'ళ' పలకలేక 'ల' అన్నది, అంతే. ఇల్లంతా ఘొల్లుమంటుంది. వచ్చిన చుట్టాలకు చెప్పి మళ్ళీ ఒకసారి నవ్వుతారు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ముద్దుగానే నవ్వుతారు. కానీ పాపకు అర్థమయ్యేది వేరు. మర్నాటి నుంచి "మై ఐస్ ఆర్ బర్నింగ్" అంటుంది. ఆ వాక్యంలో పడే ప్రమాదం లేదు మరి! అమ్మమ్మ ఫోను చేస్తే రెండు ముక్కలు చెప్పి ఫోను అమ్మకిచ్చి తప్పుకుంటుంది. తెలుగు రాక కాదు, తెలుగులో పడడానికి సిగ్గుపడి.

సీటు అందక సైకిలు చట్రం మధ్యలోంచి కాలు దూర్చి, అద్దె సైకిళ్ళ మీద మోచేతులు చెక్కుకుపోతూ నేర్చుకున్న తరం మనది. పడకుండా సైకిలు వచ్చినవాడు మన ఊళ్ళలో ఎవడూ లేడు. భాష కూడా అంతే. నడిచేవాడే పడతాడు గానీ, కూర్చున్నవాడు పడడు.

ఈ సంగతి సౌదీలో ఉన్న మనకు మరింత ముఖ్యం. అమెరికా వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది అక్కడే స్థిరపడతారు. మన బతుకు ఇకామా మీద ఆధారపడి ఉంటుంది. 2017 జూలైలో ఇక్కడి ప్రభుత్వం కుటుంబసభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టి, ఏటా వంద పెంచుకుంటూ 2020 నాటికి 400 చేసింది. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో తండ్రి ఒక్కడూ ఇక్కడ మిగిలి, తల్లీ పిల్లలూ విమానం ఎక్కారు. ఉద్యోగం పోయినా, చదువు మారినా మన పిల్లలు చేరేది మళ్ళీ మన ఊరికే. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం బడుల్లో, సీబీఎస్‌ఈ బడులతో సహా, తెలుగు తప్పనిసరిగా నేర్పాలి. ఇక్కడ ఐదో తరగతి దాకా చదివిన పిల్లవాడు అక్కడ ఆరో తరగతిలో కూర్చున్న రోజున వాడికి కావలసినది నూటికి నూరు మార్కుల తెలుగు కాదు. తప్పు వచ్చినా నోరు విప్పే ధైర్యం కావాలి. ఆ ధైర్యం విమానాశ్రయంలో కొనుక్కునేది కాదు, ఇక్కడే రావాలి.

ఆటలన్నీ మంచివని మేము చెప్పడం లేదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ దేశంలో పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు, తెరకు అతుక్కుపోవడం ఇక్కడ మరీ సులువు. మీట నొక్కే వేలికి వ్యాయామం వస్తుంది గానీ కాళ్ళకు రాదు. 2018లో సౌదీ కుర్రవాడు మొసాద్ అల్‌దొస్సరీ లండన్‌లో ఫిఫా వీడియో గేమ్ ప్రపంచ కప్పు గెలిచాడు. 2024లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో బహుమతుల సొమ్ము 6 కోట్ల డాలర్లు దాటింది. నిజమే, కానీ ఆ మెట్టు ఎక్కేవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది. మావాడూ అలాగే సంపాదిస్తాడని హోంవర్కు మాన్పించకండి! ఆటకు రోజుకు ఇంత అని వేళ పెట్టండి, ఆ వేళను పిల్లలతో కూర్చుని మాట్లాడి పెట్టండి.

మేము కోరేది ఒక్కటే. ఆ ఆట తయారుచేసినవారికి తెలిసిన కిటుకును మన ఇళ్ళలోకీ, మన తరగతిలోకీ తెచ్చుకుందాం.

ఒకటి. పిల్లలు తప్పు పలికితే నవ్వవద్దు, ఇంగ్లీషులోకి మారవద్దు. "అయ్యో, కళ్ళు మండుతున్నాయా తల్లీ?" అని సరైన మాటతోనే బదులిచ్చి ముందుకు సాగండి. ఆ పాప తప్పు ఆ పాపకే వినిపిస్తుంది.

రెండు. ఓలీఓలీలో ఒక్కో దశకు ఐదు చిన్న లక్ష్యాలు ఉంటాయి. పాఠానికీ అలాగే పెట్టవచ్చు: ఆగకుండా చదవడం, ఒత్తులు సరిగా పలకడం, అర్థం చెప్పడం, సొంతమాటల్లో చెప్పడం, ఒక వాక్యం రాయడం. ఐదూ ఒక్కరోజే రానక్కరలేదు. ఈ వారం రెండు, పై వారం ఇంకొకటి.

మూడు. ఆ ఆటలో రోజుకొక పందెం ఉంటుంది. ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు గానీ, లెక్కలోకి వచ్చే ప్రయత్నం మాత్రం ఒక్కటే. మనమూ రోజుకొక తెలుగు వాక్యం పెట్టుకుందాం. పిల్లలు ఎన్నిసార్లయినా చెప్పుకుని చూసుకుంటారు, చివరికి ఒక్కసారి ఫోనులో రికార్డు చేసి తాతయ్యకో నానమ్మకో పంపుతారు.

నాలుగు. 'ఓలీఓలీ వరల్డ్'లో దిగేటప్పుడు మీట నొక్కి తీరాలన్న నిబంధన సడలించారు, మధ్యలో ఆగే చోట్లు పెట్టారు. కొత్తవారికి వాకిలి తెరుచుకుంది, ఆరితేరినవారికి కష్టమైన లక్ష్యాలు అలాగే ఉన్నాయి. మనమూ ముందు మాట్లాడనిద్దాం. 'ళ', 'ణ', ఒత్తులూ తర్వాత దిద్దుదాం. దిద్దడం మానవద్దు, మొదటిరోజే అడ్డుగోడగా పెట్టవద్దు.

ఐదు. పిల్లలనే గురువులను చేయండి. "ఈ ఆట ఎలా ఆడాలో నాకు తెలుగులో చెప్పు నాన్నా" అని అడగండి. ఎగరడం, జారడం, వాలడం, తడబడడం, నిలదొక్కుకోవడం... ఎన్ని క్రియాపదాలు వచ్చిపడతాయో చూడండి! పుస్తకంలో పది పాఠాలు చెప్పినా రానన్ని మాటలు ఒక్క సాయంత్రంలో వస్తాయి.

చిన్నారులూ, ఇక ఈ నాలుగు ముక్కలు మీకు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డు పోటీలు మొదటిసారి పెట్టినప్పుడు, మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాను అమ్మాయి మొమిజి నిషియా వయసు 13 ఏళ్ళు. ఆ పతకం వెనక ఎన్ని దెబ్బలున్నాయో ఆ మోకాళ్ళకే తెలుసు. మీరు బడిలో కుడి నుంచి ఎడమకు అరబ్బీ, ఎడమ నుంచి కుడికి ఇంగ్లీషు తికమక పడకుండా రాసేస్తారు. అంత తెలివైనవాళ్ళకు తెలుగు ఒత్తు ఒక లెక్కా? తరగతిలో తప్పు చెప్పండి, మళ్ళీ చెప్పండి. మీరు పడితే మేము నవ్వం, మీ స్నేహితులను నవ్వనివ్వం. ఇది ఈ బడి తరఫున మేము ఇస్తున్న మాట.

పెద్దలు కూడా ఇంట్లో ఇదే మాట ఇస్తారని ఆశిస్తున్నాం. వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెడదాం.