ఆ ఎరుపు కంటిదా, కెమెరాదా?

ధ్రువ కాంతుల (అరోరా) ఫొటో అచ్చేసే ప్రతి పత్రికా, పంపే ప్రతి వాట్సాప్ గ్రూపూ దాని కింద ఒక్క ముక్క చేర్చాలి: అది ఎన్ని సెకన్ల ఎక్స్‌పోజరో. మిషిగన్‌లో ఉంటూ రాత్రిళ్లు ట్రైపాడ్ వేసుకుని తిరిగే మనిషిని కాబట్టి ఇది నా చాదస్తం అనుకోవచ్చు. కానీ లక్షలు పోసి నార్వేలోని ట్రోమ్సో దాకా వెళ్లి, ఆకాశంలో బూడిద రంగు పొగలాంటిదేదో చూసి, ‘ఇంతేనా’ అంటూ తిరిగొచ్చిన మనవాళ్లు నాకు తెలుసు. వాళ్లు చూసింది అరోరానే. వాళ్లకు అమ్మింది మాత్రం ఫొటోని.

2024 మే 10న జీ5 స్థాయి భూ అయస్కాంత తుపాను వచ్చింది. ఐదు మెట్ల కొలమానంలో అదే చివరి మెట్టు. 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అప్పుడే. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరా ఉత్తరాన, నేలకు కాస్త పైన ఎర్రటి వెలుగును పట్టుకుంది. గొప్ప విషయమే. అయితే ఆ బొమ్మ చూసిన మా చుట్టాలంతా లద్దాఖ్‌లో తలెత్తితే చాలు, ఆకాశం మంటలా కనబడిందనుకున్నారు. తప్పు వాళ్లది కాదు. అది కెమెరా చాలాసేపు వెలుగు పోగేసి తీసిన బొమ్మ అని వాళ్లకు చేరిన ఫార్వర్డులో లేదు.

అరోరా ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఆక్సిజన్ పరమాణువులవే. ఆకుపచ్చ సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది, ఎరుపు 200 కిలోమీటర్లు దాటాక. పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల దెబ్బ తిన్న పరమాణువు ఎర్రటి వెలుగు విడవడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఆలోపే ఇంకో అణువు వచ్చి గుద్ది ఆ శక్తిని లాగేసుకుంటుంది. అందుకే ఎరుపు పై అంతస్తులోనే బతుకుతుంది, దూరాన ఉన్నవాళ్లకు అదొక్కటే కనబడుతుంది. మన కంటి సంగతి చూస్తే, చీకట్లో పనిచేసే కణాలకు రంగులు తెలియవు, అందులోనూ ఎరుపంటే వాటికి దాదాపు గుడ్డితనం. కెమెరాకు ఆ బాధ లేదు.

ఆ తేడా అదే ఏడాది అక్టోబరు 10న నా చేతిలోనే చూశాను. ఆ రోజు గురువారం, ఇంటి దగ్గర సద్దుల బతుకమ్మ. ఫోన్ నిండా తంగేడు పూల ఫొటోలు. ఆఫీసు నుంచి వచ్చి నేరుగా హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ ఆస్టిన్ వైపు బండి తిప్పాను. తుపాను జీ4. పైన సగం చంద్రుడు ఉన్నా ఉత్తరాన ఎరుపు కంటికే తెలిసింది, ఎంతకీ వదలని కుంకుమ మరకను ఉతికి ఆరేసినట్టు లేతగా. కరీంనగర్‌లో అప్పుడే లేచిన అమ్మకు వీడియో కాల్ చేసి ఫోన్ అటు తిప్పాను. “ఏం కనవడ్తలేదు బిడ్డా, అంతా చీకటే గదా” అంది. నిజమే, తెర మీద నలుపు తప్ప ఏమీ లేదు. కాల్ పెట్టేసి అదే ఫోన్‌తో నైట్ మోడ్‌లో మూడు సెకన్ల ఫొటో తీసి పంపాను. అందులో ఆకాశం భగభగమంటోంది. కాల్‌లో నలుపు, కంటికి లేత ఎరుపు, ఫొటోలో నిప్పు. ఫొటో చూసి అమ్మ భయపడింది, వెంటనే ఇంటికి పొమ్మంది.

ఫొటోగ్రాఫర్ మిత్రులు దీనికి ఒప్పుకోరు. రంగు నిజంగా అక్కడ ఉంది, కన్ను పట్టలేనిది కెమెరా పట్టింది, అందులో అబద్ధమేముంది అంటారు. సరే. ఎడిటింగ్‌లో రంగు పెంచిన సంగతి పక్కన పెడితే ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కెమెరా కలిపేదే కాదు, పోగొట్టేదీ ఉంది. తుపాను ఊపందుకున్నప్పుడు అరోరా తెర లోపలి నిలువు గీతలు పక్కలకు పరుగెడతాయి. పది సెకన్లు లెన్స్ తెరిచి ఉంచితే అవన్నీ కలిసిపోయి పచ్చటి ముద్ద మిగులుతుంది. రెండు సెకన్లకే లెన్స్ మూసేస్తే ఆ పరుగు కొంత దక్కుతుంది, కానీ వెలుగు చాలక ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) పెంచక తప్పదు, బొమ్మలో నలుసులు లేస్తాయి. నాకు నలుసులున్న బొమ్మే ఇష్టం.

అసలు పెద్ద తుపానుకు కెమెరా సాయం అక్కర్లేదు. 1859 సెప్టెంబరులో అమెరికాలో అర్ధరాత్రి ఆ వెలుగులో పేపరు చదివారని అప్పటి కథనాలు చెబుతాయి. మామూలు తుపానుకు మాత్రం కళ్లు చీకటికి అలవాటు పడాలి. దానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ సరస్సు ఒడ్డున పార్కింగ్‌లో ఎవరూ ఆ ఓపిక పట్టలేదు. ఒకరు హెడ్‌లైట్లు ఆపరు, ఇంకొకరు ఫ్లాష్ వేసి అరోరా ముందు సెల్ఫీ దిగుతారు. వచ్చిన బొమ్మలో తెల్లటి మొహం, వెనక కటిక చీకటి. చాలామంది తలలు వంచుకుని యాప్‌లో తుపాను తీవ్రత చెప్పే కేపీ అంకె చూస్తున్నారు. ఆ అంకె మూడు గంటలకు ఒకసారి వేసే లెక్క. అంతకన్నా పనికొచ్చేది, శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఉన్న చోటే, 15 లక్షల కిలోమీటర్ల దూరాన, ఉపగ్రహాలు కొలిచే, సౌర గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రపు దిశ. అది దక్షిణానికి తిరిగిందంటే గంటలోపే భూమి దగ్గర కదలిక మొదలయ్యే అవకాశం ఎక్కువ.

ఈ చలికాలం ట్రోమ్సోకో, ఐస్‌లాండ్‌కో టికెట్లు కొనేవాళ్లు ఏజెంటు చూపించే బ్రోచర్ బొమ్మ గురించి మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని సెకన్లు, ఎంత ఐఎస్ఓ, తీశాక రంగులు పెంచారా. జవాబు రాకపోతే ఆ బొమ్మను పక్కన పెట్టి, మబ్బు పట్టిన రాత్రి తేటగా ఉన్న ఆకాశం కోసం బస్సులో ఎంత దూరం తీసుకెళ్తారో అడగండి. డబ్బు పెట్టాల్సింది దానికి.