క్షయనివారణము - కూలివాని కూడు

2025 నాటికి క్షయను దేశమునుండి తుడిచివేయుదుమని 2018లో ఢిల్లీయందు ప్రధానమంత్రి ప్రకటించిరి. గడువు గడచినది, వ్యాధి పోలేదు. 2015లో ఏటేట లక్షమందికి 237గురు కొత్తగా క్షయపాలగుచుండగా, 2024లో 187గురని ప్రపంచారోగ్యసంస్థవారి అంచనా. ఇది స్వల్పము గాదు. ప్రతిజ్ఞకు చాలునదియు గాదు.

తెలుగువారికి ఈ పోరాటము కొత్త గాదు. మదనపల్లెచెంత ఆరోగ్యవరము చికిత్సాలయము 1915లోనే వెలసెను. వైద్యశాలలో పడక దొరకకున్నను, మందు సరిగా మ్రింగినచో రోగము ఇంటనే నయమగునని 1959లో మద్రాసు పరిశోధకులు లోకమునకు చూపిరి. నాటినుండి చికిత్సాస్థానము రోగి యిల్లే.

ఆ యిల్లు రావికమతమువంటి యూర నెట్లుండును? కఫపరీక్ష ఉచితమే, ఆరునెలల మందును ఉచితమే. కాని పరీక్షకు పోయిననాటి కూలి ఎవరిత్తురు? పస్తు కడుపున ఆ మాత్రలు నిలుచునా? రెండు నెలలకు దగ్గు తగ్గును. కూలివాడు మందు మాని పనికి పోవును. మందునకు లొంగని క్షయ పుట్టుట కిదియొక ద్వారము.

పోషణమునకై 2018 నుండి నెలకు 500, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు ఇచ్చుచున్నారు. అందు మూడువేలు రోగము తేలినప్పుడే ముందుగా ఈయవలెనని నియమము. మంచి నియమమే. మా చదువరులు తమ యూరి ఆరోగ్యకేంద్రమున నొకమాట విచారింతురుగాక. రోగుల పేర్లడుగ బనిలేదు, అడుగనుగూడదు. ఆ మూడువేలు ఎన్ని దినములకు చేతికందినవో తెలిసికొని, ఆలస్యమున్నచో పంచాయతీ సభలో లేచి చెప్పుడు.