సాక్సోఫోను నాదము ఎచ్చట పుట్టును?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును సాక్సోఫోనుపై అభ్యసించు బాలబాలికల నాదము పలుచగా, బిగిసికొనిపోయినట్లుగా వినబడినప్పుడు పెద్దలు చెప్పు మందులు సాధారణముగా రెండే. మంచి మౌత్‌పీసు కొనుమనునది మొదటిది. ఇంకను గట్టిగా ఊదుమనునది రెండవది. మొదటి సలహా వలన తండ్రి జేబు తేలికయగును. రెండవ సలహా వలన బిడ్డ మెడ బరువెక్కును. నాదము మాత్రము ఎక్కడ ఉన్నదో అక్కడనే ఉండును. ఆ విద్యార్థి కుర్చీలో ఎట్లు కూర్చున్నాడో, వాద్యము వాని వద్దకు వచ్చుచున్నదో, లేక వాడే వాద్యము వద్దకు వంగిపోవుచున్నాడో చూచువారు అరుదు. కూర్చుండు తీరు మర్యాదకు సంబంధించినదనియు, నాదము కళకు సంబంధించినదనియు వేరుచేసి భావించుటయే ఈ చిక్కునకు మూలము. సాక్సోఫోను విషయములో ఆ రెండింటి నడుమ గోడ లేదు.

ఈ వాద్యమునకు శాస్త్రీయ విద్యాసంప్రదాయము ఆలస్యముగా కుదురుకొన్నదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకొనదగినది. బెల్జియములోని దినాన్ పట్టణమున 1814లో జన్మించిన అడాల్ఫ్ సాక్స్ దీనిని సృష్టించి, 1846లో పారిస్‌లో హక్కుపత్రము పొందెను. క్లారినెట్టునకు వలె ఒంటి రీడు, ఇత్తడి శరీరము, గరాటు వలె క్రమముగా వెడల్పగు గొట్టము: ఈ మూడింటి కలయికయే సాక్సోఫోను. 1857 మొదలు ఆయనయే పారిస్ కాన్సర్వేటరీలో సైనిక విద్యార్థులకు పాఠములు చెప్పెను. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ యుద్ధము వచ్చుటతో ఆ తరగతి మూతపడి, మరల 1942లో మార్సెల్ మ్యూల్ నియామకముతో గాని తెరువబడలేదు. డెబ్బది రెండేండ్ల విరామము! ఆ మధ్యకాలమున సాక్సోఫోను సైనిక బ్యాండులలోను, నృత్యశాలలలోను, అమెరికాలోని జాజ్ బృందములలోను పెరిగినది. జాజ్ నాదము తక్కువదని అనుట అవివేకము; దాని సొగసు దానిది. అయితే వయొలిన్ పట్టిన బాలుని చెవిలో ఆ వాద్యము ఎట్లు పలుకవలెనో మొదటినుండి ఒక రూపము నిలిచియుండును. శాస్త్రీయ సాక్సోఫోను పట్టిన బాలునకు ఆ అదృష్టము తక్కువ. వాడు సినిమాలలో విన్నది వేరు, తరగతిలో వాయింపవలసినది వేరు. కావున ఉపాధ్యాయుని మొదటి కర్తవ్యము వినిపించుట. చెవికి తెలియని నాదమును పెదవులు వెదకలేవు.

వినిపింపదగిన వారిలో ఇద్దరు ముఖ్యులు. 1901లో పుట్టి నూరేండ్లు జీవించిన మార్సెల్ మ్యూల్ ఒకడు. 1907లో జర్మనీలో పుట్టిన సిగుర్డ్ రాషెర్ మరియొకడు. మ్యూల్ 1928లో నాలుగు సాక్సోఫోనుల బృందమును స్థాపించి, 1968 వరకు పారిస్‌లో బోధించెను. ఆయన నాదము నిగనిగలాడుచు, కొలతగల కంపితముతో గాయకుని కంఠమువలె సాగును. రాషెర్ నాదము గుండ్రనిది, కొంత మబ్బు కమ్మినట్లుండునది. గ్లజునోవ్ 1934లో రచించిన కాన్సర్టో రాషెర్ కొరకు పుట్టినదే. ఇబేర్ 1935లో తన కన్సర్టినోను అంకితమిచ్చినదియు ఆయనకే. మౌత్‌పీసు లోపలి గది విశాలముగా, అడాల్ఫ్ సాక్స్ కాలపు తీరున ఉండవలెనని రాషెర్ పట్టుదల. మ్యూల్ శిష్యులు ఆ మార్గమును అనుసరింపలేదు. దీనినిబట్టి మౌత్‌పీసునకు ప్రాముఖ్యము లేదనరాదు, తప్పక ఉన్నది. కాని రాషెర్ మౌత్‌పీసును నోట పెట్టుకొన్న మాత్రమున ఎవ్వడును రాషెర్ కాజాలడు. పనిముట్టు మంచిదై, దానిని పట్టిన దేహము వంకరయైనప్పుడు పనిముట్టు మంచితనము వినబడదు.

దేహము వంకరయగుట ఎట్లు? ఆల్టో సాక్సోఫోను బరువు సుమారు రెండున్నర కిలోలు. టెనర్ మరింత బరువు. ఆ బరువంతయు ఒక సన్నని పట్టీ ద్వారా పదేండ్ల పిల్లవాని మెడ వెనుక వ్రేలాడును. పట్టీని తగినంత పైకి బిగింపకపోయినచో మౌత్‌పీసు నోటికి అందదు. అప్పుడు పిల్లవాడు చేయునది సహజమే: తల వంచి, గడ్డము ముందుకు చాచి, కొంగ నీటిలోనికి ముక్కు దించినట్లు మౌత్‌పీసును అందుకొనును. మెడ ముందుకు పోగానే భుజములు ముడుచుకొనును, రొమ్ము క్రుంగును, ప్రక్కటెముకలు విచ్చుకొనుటకు చోటు తగ్గును. వాద్యము నిలకడగా లేదని దవడ దానిని కరచి పట్టుకొనును. కరచినంతనే రీడు స్వేచ్ఛగా కంపింపలేదు. నాదము పలుచబడి, శ్రుతి పైకి ఎక్కును. ఇట్టి స్థితిలో ఉన్నవానిని గట్టిగా ఊదుమనినచో వాడు ఇంకను గట్టిగా కరచును. తప్పు పిల్లవానిది కాదు, నాలుగంగుళముల పట్టీది.

దీనికి చికిత్స వాద్యము లేకుండనే మొదలు కావలెను. విద్యార్థి కుర్చీ వెనుకకు ఆనుకొనక, ముందుభాగమున, పాదములు రెండును నేలకు ఆనించి కూర్చుండవలెను. తల వెన్నుపై తేలికగా నిలువవలెను. సైనికుని బిగువు అక్కరలేదు. నిలువుగా ఉండుట వేరు, బిగదీసికొనుట వేరు. ఆ తీరు కుదిరిన తరువాత వాద్యమును తెచ్చి, తల కదలకుండ మౌత్‌పీసు పెదవులను తాకు ఎత్తునకు పట్టీని బిగింపవలెను. కుడిచేతి బొటనవ్రేలు వాద్యమును స్వల్పముగా ముందుకు త్రోయును. బరువును అది మోయరాదు. పై పండ్లు మౌత్‌పీసుపై ఆనియుండగా, క్రింది పెదవి రీడునకు మెత్తని దిండుగా ఉండును.

చిన్నపిల్లలు ఆల్టోను రెండు కాళ్ల నడుమ ఉంచుకొనుట కష్టము కనుక కుడితొడ ప్రక్కకు పెట్టుకొందురు. అందులో దోషము లేదు. అయితే వాద్యము ప్రక్కకు వాలినప్పుడు మౌత్‌పీసు కూడ వాలును, దానితో పిల్లవాని తల కూడ వాలును. మౌత్‌పీసును, అది తొడిగిన వంపుగొట్టమును కొద్దిగా త్రిప్పినచో తల మరల నిలువగును. ఇది అరనిమిషపు పని. ఏండ్ల తరబడి తల వాల్చియే వాయించుచున్న విద్యార్థికి ఆ అరనిమిషపు పని ఎవ్వరును చేసి చూపకపోవుట విచారకరము. పాఠశాల బ్యాండులలో ఒక స్వరపత్రమును ఇద్దరు పంచుకొనుట మరియొక శత్రువు. ఇద్దరును ఒకే పత్రము వైపు నడుము మెలిత్రిప్పి గంటసేపు కూర్చుందురు. పొదుపు మంచిదే గాని అది పిల్లల వెన్నుమీద చేయదగినది కాదు.

ఊపిరి విషయములో తరగతులలో వినబడు ఒక మాటను సవరింపవలసియున్నది. డయాఫ్రముతో ఊదుమని ఉపాధ్యాయులు చెప్పుచుందురు. డయాఫ్రము అనునది ఊపిరి పీల్చుటకు ముఖ్యమైన కండరము; అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులు నిండును. వదలునప్పుడు గాలిని నడిపించునవి ప్రధానముగా పొట్ట కండరములు, ప్రక్కటెముకల నడుమనున్న కండరములు. ఈ తేడా తెలియని పిల్లవాడు పొట్టను రాయివలె బిగించి, అదియే ఊపిరి బలమని నమ్మును. పీల్చునప్పుడు పొట్ట, నడుము చుట్టును ప్రక్కటెముకలు విచ్చుకొనవలెను, భుజములు లేవరాదు. వదలునప్పుడు గాలి తెగని నూనెధారవలె సాగవలెను. బలము కన్న ఈ సమత్వమే సాక్సోఫోనునకు ఎక్కువ అవసరము.

ఈ పునాదిపై నాదసాధన మొదలగును. ఒక్క స్వరమును మెల్లగా ఎత్తుకొని, క్రమముగా పెంచి, మరల క్రమముగా తగ్గించి, అది నిశ్శబ్దములో కలియు వరకు వినుటయే దీర్ఘస్వరసాధన. కర్ణాటక సంగీతమునందు సరళీ వరుసలను మొదటికాలమున నిదానముగా సాధించినవారికి దీని ప్రయోజనము వేరుగా చెప్పనక్కరలేదు. మరియొక పరీక్ష కలదు. మౌత్‌పీసును మాత్రమే వేరుచేసి ఊదవలెను. ఆల్టో మౌత్‌పీసు సెకనుకు 880 కంపనములుగల స్వరమును, అనగా పియానోపై మధ్యస్థాయి ఏ స్వరమునకు పై స్థాయిని, పలుకవలెనని శాస్త్రీయ సంప్రదాయమున పలువురు ఉపాధ్యాయులు చెప్పుదురు. అంతకన్న బాగుగా పైకి పోయినచో దవడ కరచుచున్నదని అర్థము. ఇంతకన్న చవుకయైన పరీక్ష లేదు.

రాషెర్ 1941లో ప్రకటించిన పుస్తకము స్వయంభూ స్వరముల సాధనకు పెద్దపీట వేసెను. వాద్యములోని అన్నిటికన్న క్రింది స్వరమునకు వ్రేళ్లు మూసి, వ్రేళ్లు కదపక, గొంతు లోపలి ఆకృతిని, గాలి నడకను మార్చుచు దాని పై స్వరములను ఒక్కొక్కటిగా పలికించుట ఆ సాధన. సాక్సోఫోను గొట్టము గరాటు ఆకృతిది కనుక మొదట పలుకునది సరిగా పైస్థాయి షడ్జమము. క్లారినెట్టులో అట్లు కాదు, అది స్థాయిని దాటి పంచమమునకు దూకును. ఈ సాధనలో వ్రేళ్లకు పని లేదు గనుక విద్యార్థి తప్పించుకొను దారి లేదు. మెడ వంగి గొంతు ఇరుకైనవాడు పై స్వరములను అందుకొనలేడు. కూర్చుండు తీరునకు నాదమునకు గల సంబంధమును ఏ ఉపన్యాసము కన్న ఇది స్పష్టముగా చూపును.

కుర్చీ లేనిచో ఈ నియమములు ఏమగునని అడుగవచ్చును. దానికి సమాధానము దక్షిణదేశమునందే కలదు. 1949లో దక్షిణ కన్నడ ప్రాంతమున, నాగస్వర విద్వాంసుని ఇంట పుట్టిన కద్రి గోపాలనాథ్ గారు మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సోఫోను విని ఆకర్షితులై, దానిని కర్ణాటక సంగీతమునకు తెచ్చిరి. త్యాగరాజస్వామి తెలుగు కృతులు ఆ ఇత్తడి గొట్టములో పలుకుట విని శ్రోతలు ఆశ్చర్యపడిరి. 1994లో లండన్‌లోని ప్రామినేడ్ కచ్చేరీలలో వాయించిరి, 2004లో పద్మశ్రీ పొందిరి, 2019లో దివంగతులైరి. వారు వేదికపై బాసిపట్లు వేసికొని కూర్చుండి వాయించెడివారు. గమకముల కొరకు వాద్యమునందు కొన్ని మార్పులు కూడ చేసికొనిరి. పారిస్ తరగతిలో కుర్చీపై కూర్చున్నవాని తీరు వేరు, వేదికపై నేలను కూర్చున్నవారి తీరు వేరు. ఆసనము మారినను గాలికి దారి తెరచియుండవలెనన్న నియమము మారలేదు. ఒక్క కాలిభంగిమను చూపి ఇదియే సరియైనదని పిల్లలకు చెప్పుట కన్న, గాలి ఎక్కడ అడ్డుపడుచున్నదో చూపుట మేలు. ఆ సంప్రదాయము నుండి అప్పు తెచ్చుకొనదగినది మరియొకటి కూడ కలదు: తంబురా. సాధన చేయునప్పుడు శ్రుతి చూపు యంత్రపు సూదిని చూచుచు స్వరమును సరిచేసికొనుటకు అలవాటుపడిన విద్యార్థి చెవితో కాక కన్నుతో వాయించును. వెనుక తంబురా నాదము నిలుపుకొని వాయించినచో చెవియే పని చేయవలసి వచ్చును. యంత్రమును తరువాత సాక్ష్యమునకు పిలువవచ్చును.

ఉపాధ్యాయుల వైపున ఒక వాదము వినబడును. గ్రేడు పరీక్షలు దగ్గరపడుచున్నవి. వానిలో రచనలు వాయింపవలెను, స్వరమాలికలు వాయింపవలెను. తలిదండ్రులు ఫలితము కోరుదురు. దీర్ఘస్వరములకు తీరిక ఏది? ఈ వాదములో నిజమున్నది. పిల్లలకు విసుగు పుట్టుననుటయు నిజమే. కాని పది నిమిషముల దీర్ఘస్వరసాధనకు విసుగుకొను పిల్లవాడు, తనకు ఇష్టమైన పాటను అతినిదానముగా, ఒక్కొక్క స్వరమును నింపుచు వాయింపుమన్నచో విసుగుకొనడు. రెండును ఒక్కటే సాధన. పరీక్ష విషయములో మాత్రము రాజీ కష్టము. నాదము కుదురని మొదటి సంవత్సరమున పరీక్షకు పంపుట వలన పిల్లవానికి వచ్చునది పత్రము. దానితో పాటు స్థిరపడునది దవడ పట్టు. పత్రమును మరుసటి ఏట కూడ సంపాదింపవచ్చును. స్థిరపడిన పట్టును విడిపించుటకు అంతకన్న ఎక్కువ కాలము పట్టును.

రీడుల విషయమున కూడ ఈ తొందరయే కనిపించును. గట్టి రీడు వాడుట పెద్దరికమునకు గుర్తని పిల్లలు తమలో తాము అనుకొందురు. 2 లేక 2½ సంఖ్యగల రీడుతో హాయిగా పలుకువాడు, స్నేహితునితో పోటీపడి 3½ తెచ్చుకొని, దానిని వంచుటకు దవడను బిగించును. ఉపాధ్యాయుడు రీడు పెట్టెను తెరచి చూచిన చాలును, సగము రోగము తెలియును.

నొప్పి సంగతి చివరగా చెప్పినను తక్కువది కాదు. మెడనొప్పి, బొటనవ్రేలి నొప్పి సాధనకు చిహ్నములని, ఓర్చుకొన్నవాడే విద్వాంసుడగునని చెప్పు ఆచారము ఇంకను పోలేదు. మెడ నొచ్చుచున్నదని చెప్పిన పిల్లవాని పట్టీని ఆ దినముననే చూడవలెను. చిన్న దేహములకు రెండు భుజములమీదుగా బరువు పంచు పట్టీలు దొరకుచున్నవి. ఇరువది నిమిషములకు ఒకసారి వాద్యమును దింపి, లేచి నడచి వచ్చుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదని విద్యార్థులకు ముందే చెప్పియుంచవలెను. తరగతి గదిలో నిలువుటద్దము ఒకటి ఉండుట ఎంతయో ఉపకారము. దానిని ఎదుట కాక ప్రక్కగా నిలుపవలెను. మెడ ముందుకు పోవుట ప్రక్కనుండి గాని కనబడదు.