అప్పు మనదైతే టేపు ఎవరి చేతిలో ఉండాలి?

వందేళ్ల కిందట హైకోర్టు పక్కన సిటీ కాలేజీ భవనం లేస్తున్నప్పుడు ‘దీనికి ఎంతయింది?’ అని అడిగే హక్కు పాతబస్తీలో ఎవరికీ లేదు. నక్షా గీసినవాడు విన్సెంట్ ఎష్, డబ్బిచ్చింది నిజాం సర్కారు. ఆ డబ్బు రైతుల శిస్తు నుంచే వచ్చింది. అయినా సున్నం ఎంత పడింది, రాయి ఎక్కడిది అని ఏ రైతూ నయాపూల్ దాటి వచ్చి అడగలేదు, అడిగే వీలూ లేదు. అది రాచరికం.

ఇప్పుడు ఓటు మనది, పన్ను మనది, చేసే అప్పూ మన పేరు మీదే. లెక్క మాత్రం అప్పటిలాగే మన కంటికి ఆనదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, చదువుల పేరిట పెద్ద అప్పు ఒకటి తలుపు దగ్గర నిలబడి ఉంది. 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఢిల్లీ వెళ్లి కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్‌ను కలిశారు. 105 నియోజకవర్గాల్లో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు 21 వేల కోట్లు, జూనియర్, డిగ్రీ, సాంకేతిక కళాశాలల్లో ల్యాబులకూ వసతులకూ మరో 9 వేల కోట్లు కావాలని చెప్పారు. ఈ 30 వేల కోట్లను ప్రత్యేక కార్పొరేషన్ ద్వారా సమీకరిస్తామని, ఆ రుణాన్ని రాష్ట్రాల అప్పుకు హద్దు గీసే ఎఫ్‌ఆర్‌బీఎం పరిమితిలో కలపవద్దని కోరారు. చదువు కోసం అప్పు చేయడాన్ని నేను తప్పుపట్టను. పాతబస్తీ పిల్లలకు మంచి తరగతి గది కావాలి, ల్యాబు కావాలి, అవి ఎప్పుడో రావాల్సినవి. కానీ వడ్డీ 9 శాతం అనుకున్నా ఏడాదికి 2,700 కోట్లు. ఇవాళ ఇంటర్ చదివే పిల్ల ఉద్యోగం వచ్చి, పన్ను కడుతూ తీర్చాల్సిన బాకీ ఇది. అంత బాకీ తలకెత్తుకునే పిల్లకు ఆ గోడలో స్టీలు ఎంత పడిందో చూసే వీలు ఎక్కడైనా రాసి ఉందా?

ఆ మధ్య పాతబస్తీలో ఒక ప్రభుత్వ మహిళా కళాశాలకు వెళ్లాను. పేరు రాయను, ఆ అమ్మాయిలకు ఇబ్బంది. కొత్త బ్లాకు కట్టి ఎక్కువ కాలం కాలేదు. లోపల మరుగుదొడ్ల వరుసకు తాళం. ఎందుకని అడిగితే రెండో ఏడాది చదివే అమ్మాయి ఉర్దూలో చెప్పింది: ట్యాంకు ఉంది సార్, నల్లాలు ఉన్నాయి, మోటరే పెట్టలేదు. పొద్దున తొమ్మిదింటికి బుర్ఖా వేసుకుని ఇంటి నుంచి బయల్దేరిన పిల్లలు మూడింటికి ఇల్లు చేరేదాకా నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు. గేటు దగ్గర పని వివరాల బోర్డు ఉంది. పని పేరు, కాంట్రాక్టరు పేరు కనిపించాయి. అంచనా మొత్తం రాయాల్సిన చోట ఖాళీ. ‘హిసాబ్ ఎవరిని అడగాలి?’ అని ఆ అమ్మాయి నన్నే అడిగింది. ప్రిన్సిపల్‌ను అడిగితే ఇంజినీర్ల పని అన్నారు. ఇంజినీరును అడిగితే బిల్లు అయిపోయింది, ఇక కాలేజీదే బాధ్యత అన్నారు.

రికార్డులో ఆ పని పూర్తయింది. ఇంజినీరు ఏఈ కొలిచాడు, కొలతల పుస్తకం ఎం.బుక్‌లో రాశాడు, పై ఇంజినీరు డీఈ సంతకం పెట్టాడు, బిల్లు పాసైంది. ఇంతమంది చేతులు మారిన కాగితంలో ఆ మరుగుదొడ్డి వాడే మనిషి చెయ్యి ఒక్కటీ లేదు. వాళ్లలో ఒక్క పిల్ల సంతకం తప్పనిసరి అయి ఉంటే, మోటరు లేకుండా ఆ బిల్లు కదిలేదా?

ఇది సాధ్యం కాదనేవాళ్లు మన సొంత చరిత్ర మరిచిపోయారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. సామాజిక తనిఖీ అన్న మాట చట్టంలో 17వ సెక్షన్‌గా దేశమంతటికీ ఉన్నా, దాన్ని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీయే పెట్టారు. తనిఖీ చేసింది ఆడిటర్లు కాదు, కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలు. హాజరు పట్టీలు, అంటే మస్టర్లు, తీసుకుని ఇల్లిల్లూ తిరిగారు. ‘ఈ వారం నువ్వు పనికి పోయినట్టు రాసి ఉంది, పోయినవా?’ అని అడిగారు. టేపు పట్టుకుని గుంతలు కొలిచారు. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద ఒకవైపు అధికారులు, ఎదురుగా కూలీలు. పేరు చదువుతారు, పని చదువుతారు, డబ్బు చదువుతారు. చనిపోయినవాళ్ల పేరున మస్టరు పడితే అక్కడే తేలుతుంది. మింగిన డబ్బు కక్కించమని అక్కడే రాస్తారు. ఆ రికవరీలన్నీ వసూలు కాలేదు, సస్పెండైన వాళ్లలో చాలామంది తిరిగి వచ్చారు కూడా. అయినా అక్షరం రాని మనిషి అధికారి ముందు నిలబడి ‘నేను ఆ పని చెయ్యలే’ అని చెప్పిన ఆ క్షణాన్ని నేను చిన్నదనుకోను.

మట్టి పనికి అంత కాపలా పెట్టిన మనం కాలేజీ శ్లాబుకు ఏమీ పెట్టలేదు. ఊరి కూలీకి ఇచ్చిన టేపు నగరంలో డిగ్రీ చదివే పిల్లకు ఇవ్వలేదు.

స్కూళ్లలో కొంత నయం. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో నాడు-నేడు మొదలుపెట్టినప్పుడు పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు - మన బడి వచ్చింది, నగరంలో దాన్నే మన బస్తీ - మన బడి అన్నారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల నాయకురాళ్లకు అధ్యక్ష స్థానం ఇచ్చారు. వాటిలో లోపాలు లేవని కాదు. హెడ్మాస్టరు చూపిన చోట వేలిముద్ర వేసి వెళ్లిన తల్లులూ ఉన్నారు. కానీ కనీసం ఒక కుర్చీ ఉంది, ఆ కుర్చీకి చట్టం అండ ఉంది. పదో తరగతి దాటగానే ఆ కుర్చీ మాయమవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండి ఎమ్మెల్యేని ఎన్నుకునే అర్హత వచ్చిన రోజుల్లోనే, తను కూర్చునే గది అంచనా చూసే అర్హత పోతుంది.

పాతబస్తీకి అప్పులు కొత్త కాదు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ మునిసిపల్ బాండ్లు అమ్మి 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, మరుసటి ఏడు 10.23 శాతానికి మరో 100 కోట్లు. రోడ్లు, ఫ్లైఓవర్ల పథకం కోసమని చెప్పారు. మొదటి 200 కోట్లకే ఏడాదికి 17 కోట్ల 80 లక్షల వడ్డీ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బాండు కొన్నవాడికి సెబీ 2015లో చేసిన నిబంధనలు గొప్ప రక్షణ ఇచ్చాయి. అతని డబ్బుకు ఎస్క్రో ఖాతా ఉంటుంది, రేటింగ్ సంస్థ ఉంటుంది, ట్రస్టీ ఉంటారు, ఎక్స్ఛేంజీకి ఎప్పటికప్పుడు లెక్కలు అందుతాయి. ముంబైలో కూర్చున్న మదుపరికి ఇన్ని కళ్లు ఇచ్చారు. ఆస్తి పన్ను కట్టి ఆ వడ్డీ తీర్చే శాలిబండ దుకాణదారుకు ఒక్క కన్నూ ఇవ్వలేదు. అప్పు ఇచ్చినవాడిని కాపాడటం సబబే. తీర్చేవాడిని వదిలేయడం అన్యాయం.

మన బంధువుల పిల్లలు ఎందరో ఉన్న కాలిఫోర్నియాలో ఈ అన్యాయానికి చట్టంతోనే అడ్డుకట్ట వేశారు. అక్కడి కమ్యూనిటీ కాలేజీ మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి దగ్గరి చుట్టం. తక్కువ ఫీజు, చుట్టుపక్కల పిల్లలు, రెండేళ్ల చదువు. భవనాలకు బాండ్లు తేవాలంటే ముందు ఓటర్లను అడగాలి, ఎందుకంటే తీర్చేది వాళ్ల ఇంటి పన్ను. ఇదివరకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. 2000 నవంబరులో ప్రజలు 39వ ప్రతిపాదనను ఆమోదించి దాన్ని 55 శాతానికి దించారు. ఆ సడలింపుకు బదులుగా ఒక షరతు తెచ్చారు, అలా బాండ్లు తెచ్చే ప్రతి కాలేజీ జిల్లాలో పౌర పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కనీసం ఏడుగురు. అందులో వ్యాపార సంఘం మనిషి, వృద్ధుల సంఘం మనిషి, పన్ను చెల్లింపుదారుల సంఘం మనిషి, ఒక విద్యార్థి తప్పనిసరి. కాలేజీ ఉద్యోగి, కాంట్రాక్టరు, సరుకు సరఫరా చేసేవాడు ఉండకూడదు. ఏటా స్వతంత్ర ఆడిట్. కూపర్టినోలో మన తెలుగు పిల్లలకు తెలిసిన డి ఆంజా కాలేజీ ఉన్న జిల్లా 2020 మార్చిలో 89.8 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు అడిగి గెలిచింది, ఈ షరతుకు తలవంచే.

అంతమాత్రాన అక్కడంతా సవ్యమని చెప్పను. లాస్ ఏంజిలిస్ కమ్యూనిటీ కాలేజీ జిల్లాలో తొమ్మిది కాలేజీలకు మూడు విడతల్లో 570 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు ఒప్పుకున్నారు. కమిటీ కూడా ఉంది. అయినా 2011లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ వరస కథనాలు రాసి వృథా ఖర్చునూ నాసి పనితనాన్నీ బయటపెట్టేదాకా ఆ సంగతి జనానికి చేరలేదు. అధికారులు ఇచ్చిన కాగితాలే చదివి, అధికారులు పెట్టిన టీ తాగి లేచే కమిటీ వల్ల ఒరిగేది తక్కువ. మన ప్రజావేదిక అక్కడి కమిటీ కన్నా ఒక మెట్టు పైనుంది. ఇక్కడ కాగితాన్ని పనితో పోల్చారు, పోల్చింది ఆ పని చేసినవాళ్లు, పోల్చింది నలుగురి ముందు. నాకు కావాల్సింది ఈ రెండూ కలిసినది. కాలిఫోర్నియా చట్టంలోని తప్పనిసరితనం, బండ్లపల్లి తర్వాత మనం నేర్చుకున్న టేపు.

పాతబస్తీలో అది ఎలా ఉండాలో చెబుతాను. కాలేజీకి ఒక కమిటీ, విద్యార్థులు సగం, అందులో సగం అమ్మాయిలు. మిగతా సగం బస్తీ పెద్దలు, పాత విద్యార్థులు, రిటైరైన ఒక ఇంజినీరు. కాంట్రాక్టరు బంధువుకూ కార్పొరేటరు అనుచరుడికీ చోటు లేదు. టెండరులో ఈ కమిటీ వేలు పెట్టకూడదు, ఎవరికి పని ఇవ్వాలో చెప్పకూడదు. చూడాలి, కొలవాలి, అడగాలి, నలుగురికీ చెప్పాలి. ఆఖరి బిల్లుకు ముందు కాలేజీ ఆవరణలోనే ప్రజావేదిక జరగాలి. అంచనా, ఎం.బుక్ ఇంగ్లిషులో మాత్రమే ఉంటే కుదరదు. 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండో అధికార భాష. హుస్సేనీ ఆలం, ఫలక్‌నుమా కాలేజీల్లో లెక్క తెలుగులోనూ ఉర్దూలోనూ గోడ మీద ఉండాలి.

‘పిల్లలకు ఇంజినీరింగ్ ఏం తెలుసు?’ అంటారు. కాంక్రీటు దిమ్మలు పోసి 7 రోజులకూ 28 రోజులకూ పరీక్షిస్తారని, శ్లాబుకు రోజూ నీళ్లు పట్టాలని చెప్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఫిజిక్స్ చదివే పిల్లకు అదీ అక్కర్లేదు. నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయో లేదో చెప్పడానికి ఏ డిప్లొమా కావాలి? ‘పనులు ఆలస్యమవుతాయి’ అని ఇంకో అభ్యంతరం. ఏ కమిటీ అడ్డుపడకుండానే పాతబస్తీ మెట్రో ఎన్నేళ్లు ఆగింది? 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన అయ్యేదాకా మిగతా నగరం రైలెక్కి తిరుగుతుంటే మనం బస్సు కోసం నిలబడ్డాం. ఆలస్యానికి కారణం అడిగేవాళ్లు కారు.

సిటీ కాలేజీ వాకిలికి ఇంకో జ్ఞాపకం ఉంది. 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమంలో అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. మా ఉద్యోగాలు ఎవరికి ఇచ్చారో చెప్పమని అడిగినందుకు. సర్కారును లెక్క అడగడం ఆ కాలేజీ పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఇదే. 30 వేల కోట్ల రుణపత్రాల మీద సంతకం కాకముందే పౌర కమిటీలకు చట్టంలో చోటివ్వండి. జీవో చాలదు, జీవోను ఇంకో జీవో మింగేస్తుంది. అప్పు వచ్చాక అడిగితే మాట వినేవాళ్లు ఉండరు.

విద్యార్థులు చట్టం కోసం ఆగనవసరం లేదు. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ చదవండి. కాగితాలు చూడటమే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించడం, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకోవడం కూడా ఆ హక్కులో ఉన్నాయి. తెల్లకాగితం మీద తెలుగులో రాయవచ్చు, ఉర్దూలో రాయవచ్చు. మీ కాలేజీలో జరిగిన చివరి పని అంచనా, ఎం.బుక్, ఆఖరి బిల్లు అడగండి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.