అడ్వాన్సు ముడి విప్పుదాం: ఉద్దానం శ్రామికుల తొలి ప్రణాళిక

పలాస, కాశీబుగ్గ జీడి బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లం, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల కూలీలం, వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి బతికే మత్స్యకారులం, గల్ఫ్‌కు కొడుకుల్ని పంపి ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులం కలిసి రాసుకున్న ప్రణాళిక ఇది. మా మాట ఒక్కటే. అవసరానికి తీసుకున్న అడ్వాన్సు మనిషి కాలికి సంకెల కాకూడదు. ఆ సంకెల ఎక్కడ పడిందో తనకు తెలియదని సరుకు కొనే కంపెనీ తప్పుకోకూడదు.

వెట్టి పోయి చాలా కాలమైంది కదా అని మమ్మల్ని అడుగుతున్నారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చిన మాట నిజం. కంబారులుగా, అంటే పాలేర్లుగా బతికిన పెద్దవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు, ఆ రోజులు ఎలా ఉండేవో వాళ్లే చెబుతారు. ఈనాటి వెట్టికి మాత్రం తాళాలూ కొరడాలూ అక్కర్లేదు. పాస్‌పోర్టు సేటు బీరువాలో ఉంటే చాలు. రెండు నెలల కూలి ఆపి, సీజను అయ్యాక లెక్క చూద్దామంటే చాలు. బాకీ తీరేదాకా ఇంకెవరి దగ్గరా పనికి పోకూడదని మేస్త్రీ అంటే చాలు. గుర్తింపు కాగితాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, ఈ మూడూ బలవంతపు చాకిరీకి ఆనవాళ్లని అంతర్జాతీయ కార్మిక సంస్థే చెబుతోంది. ప్రపంచం మొత్తం మీద 2.76 కోట్ల మంది అలాంటి చాకిరీలో ఉన్నారని 2021 సంవత్సరానికి ఆ సంస్థ అంచనా వేసింది.

మన దగ్గర అప్పు ఎందుకు పుడుతుందో చెప్పకుండా ఈ మాటలు ఎన్ని చెప్పినా లాభం లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే పీల్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తోట పోయాక, ఇంట్లో డయాలసిస్ మొదలయ్యాక, చేతిలో నోట్లు పెట్టే దళారీ దేవుడిలాగే కనబడతాడు. ఏ గుమ్మంలోకి ఏ నెలలో వెళ్లాలో అతనికి బాగా తెలుసు. ఆ వేళకు మనకంటూ ఇంకో గుమ్మం తెరిచి ఉండాలి. అందుకే చిన్న వడ్డీ పొదుపు నిధి మా మొదటి పనుల్లో ఒకటి.

గుజరాత్‌లోని వెరావల్ రేవు సంగతి మన శ్రీకాకుళం జిల్లా మరచిపోకూడదు. ఏటా మన తీరం నుంచి కలాసీలు, తండేళ్లు అడ్వాన్సు తీసుకుని గుజరాత్ బోట్ల మీదకు వెళతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని అక్కడి సముద్ర భద్రతా సిబ్బంది పట్టుకున్నారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపినవాళ్లలో ఎక్కువ మంది మన జిల్లావాళ్లే. అదే ఏడు లాక్‌డౌన్‌లో వేలాది మంది బోట్ల మీదే ఇరుక్కుని, బస్సులు పెడితే ఇల్లు చేరారు. సరిహద్దు ఎటుందో చూసుకునే యంత్రం బోటులో ఉందా, పట్టుబడితే ఇంటికి జీతం ఎవరు పంపుతారు, కాగితం మీద యజమాని పేరేమిటి? ఆ చేపను విదేశాలకు పంపే ఎగుమతి కంపెనీలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చేప నాణ్యతకు పరీక్షలు చేయించే కంపెనీకి చేప పట్టిన మనిషి ఒప్పందం చూడటం కష్టమేమీ కాదు.

ఇక జీడి. ప్రతి బట్టీలోనూ వెట్టి ఉందని మేము అనడం లేదు. ఆ నింద మా చేతుల మీదుగా పెరిగిన పలాస పేరుకే మచ్చ. కానీ పని ఎలా సాగుతుందో కొనేవాళ్లు చూడాలి. ఉడికించి ఆరబెట్టిన పిక్కను బ్లేళ్ల మధ్య పెట్టి, కాలితో తొక్కుతూ చేత్తో మీట లాగితే పెంకు విడుతుంది. సొన వేళ్ల మీద పడితే చర్మం పొక్కి నల్లబడుతుంది. అందుకే ముందుగా ఆముదం, బూడిద పులుముకుంటాం. పప్పు విరిగితే ధర పడిపోతుంది. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషి రోజంతా ఆ భయంతోనే కూర్చుంటుంది. డబ్బా మీద 320 అని అచ్చు వేస్తారు, పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది. ఆ గుండ్లు ఒలిచిన మనిషికి రోజుకు ఎంత ముట్టిందో చెప్పే లెక్క మాత్రం ఏ డబ్బా మీదా లేదు.

వియత్నాంలో మత్తుమందుల వ్యసనం పేరిట నిర్బంధ కేంద్రాల్లో ఉంచినవాళ్ల చేత బలవంతంగా జీడి ఒలిపిస్తున్నారని 2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. అప్పటినుంచి పప్పు ఎవరు ఒలిచారన్న ప్రశ్న ఈ వ్యాపారాన్ని వదలలేదు. బ్రిటన్ 2015లో, ఆస్ట్రేలియా 2018లో చట్టాలు తెచ్చి, తమ సరఫరాలో బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నాయో పెద్ద కంపెనీలు ఏటా ప్రకటించాలన్నాయి. మంచిదే. అయితే కాశీబుగ్గ పారిశ్రామిక వాడలో ఒక్కరోజు కూడా నిలబడకుండా అలాంటి ప్రకటన రాసేయొచ్చు. మాకు ప్రకటన కంటే పద్దు పుస్తకం ముఖ్యం.

కాబట్టి పలాస పప్పు, టెక్కలి రాయి, ఈ తీరం చేప కొనే ప్రతి కంపెనీనీ మేము కోరేది ఇది. నీకు సరుకు ఇచ్చేవాడి దగ్గరే ఆగిపోవద్దు, అతనికి మనుషుల్ని తెచ్చే మేస్త్రీ దాకా రా. ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారో, నెలకు ఎంత కోస్తున్నారో పనివాళ్లకు అర్థమయ్యే తెలుగులో, ఒడియాలో రాయించు. కూలి బ్యాంకులోనే వేయించు. ఇంటికి పంపిన ఒలుపు పనికీ కనీస వేతనం లెక్క కట్టు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కిలో రేటును తెగ్గోసి సరుకు అడిగే కొనుగోలుదారు ఆ చాకిరీలో తనకు వాటా లేదని ఎలా అంటాడు? తప్పు దొరికిన రోజున ఆర్డరు రద్దు చేసి పారిపోవద్దు. బట్టీ మూతపడితే శిక్ష పడేది మాకే. బాకీ కూలి ఇప్పించి, పద్ధతి మార్పించి, అప్పుడు వెళ్లు.

మూలపేట పోర్టు పనులకు పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ మావాళ్లే. వెరావల్‌లో మన పిల్లలకు ఏం దక్కాలనుకుంటామో ఇక్కడ వాళ్లకూ అదే దక్కాలి.

గల్ఫ్ ఏజెంటు వసూలు చేయదగిన రుసుముకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని ప్రభుత్వమే హద్దు పెట్టింది. అంతకు మించి అడిగినవాడి పేరు, రసీదు మాకు చేర్చండి. ఫిర్యాదు మేము రాస్తాం.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ముందు వెట్టి అప్పు చెల్లదు, దాన్ని తీర్చాల్సిన పని లేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిందీ అప్పు ఇచ్చినవాడే. జిల్లాకొకటి, సబ్ డివిజనుకొకటి చొప్పున నిఘా కమిటీలు ఉండాలని, వాటిలో షెడ్యూల్డు కులాలు, తెగల సభ్యులు ఉండాలని అదే చట్టం చెబుతోంది. విముక్తి పొందిన పురుషుడికి లక్ష, స్త్రీకి, బాలలకు రెండు లక్షలు పునరావాస సాయం 2016 నాటి కేంద్ర పథకంలో ఉంది.

టెక్కలి, పలాస సబ్ డివిజన్ కమిటీల్లో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు అని సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు పెడుతున్నాం. జవాబు వచ్చాక ప్రతి పంచాయతీలో చదివి వినిపిస్తాం. జీడి సీజను మొదలయ్యేలోగా ఊరూరా అడ్వాన్సుల జాబితా రాస్తాం. పేర్లు బయట పెట్టం, మొత్తాలు మాత్రమే చెబుతాం. పనివాళ్లకు సభ్యత్వ రుసుము లేదు. బట్టీ యజమానులు, క్వారీ కాంట్రాక్టర్లు, బోటు యజమానులు కూడా మాతో చేరవచ్చు. చేరేటప్పుడు తమ అడ్వాన్సు పుస్తకం సభ ముందు తెరవాలి.